స్లీప్ మోడ్ గారికి, మెలకువగా ఉన్న యజమాని రాయునది

మహారాజశ్రీ స్లీప్ మోడ్ గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. ఇక్కడ నేనూ, నా హ్యాకింటోషూ (ఆపిల్ వాళ్ల మ్యాక్ఓఎస్ ఎక్కించిన మామూలు పీసీ) మెలకువగానే ఉన్నాం. తమరు ఎక్కడున్నారో తెలిస్తే తమరి క్షేమం కూడా అడిగేవాణ్ణి.

నిన్న మధ్యాహ్నం తమరు చేసిన ఘనకార్యం గురించే ఈ ఉత్తరం. కాసేపు బయటికి వెళ్దామని మెనూలో తమరి పేరు మీద నొక్కాను. స్క్రీన్ ఆరింది, ఫ్యాన్లు ఆగాయి, పవర్ లైటు మెల్లగా ఆరుతూ వెలుగుతూ ఉంది. చూడముచ్చటగా ఉంది. కుర్చీలోంచి లేచేలోపు ఫ్యాన్లు గుర్రుమన్నాయి, లాగిన్ స్క్రీన్ ఏమీ ఎరగనట్టు నవ్వుతూ వచ్చింది. మళ్లీ పడుకోబెట్టాను, మళ్లీ లేచారు. ఇలా కాసేపు ఆడుకున్నాక ఒకసారి నిజంగానే పడుకున్నారు. ఎంత నిజంగా అంటే, తిరిగొచ్చి కీబోర్డు కొట్టినా, మౌస్ ఊపినా, పవర్ బటన్ మెత్తగా నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. లోపల ఫ్యాన్లు తిరుగుతున్నాయి, స్క్రీన్ నల్లగా ఉంది, క్యాప్స్‌లాక్ నొక్కితే దాని లైటు కూడా వెలగలేదు. సేవ్ చేయని పనంతా అందులోనే ఉంది. చివరికి పవర్ బటన్ పట్టుకుని గట్టిగా నొక్కాల్సి వచ్చింది. తిరిగి ఆన్ చేస్తే, ఏదో సమస్య వల్ల మీ కంప్యూటర్ రీస్టార్ట్ అయిందని ఒక పెట్టె. ఆ సమస్య ఎవరో తనకి తెలియనట్టు!

నిద్రపోయేవాణ్ణి లేపొచ్చు గానీ నిద్ర నటించేవాణ్ణి లేపలేమని పెద్దలన్నారు. తమరు రెండు రకాలూ చేస్తారు. ఏ పూట ఏ రకమో ముందు చెప్పరు, అంతే.

అసలు ఈ మెషీన్‌లో తమరు తప్ప అందరూ దారికొచ్చారండీ. బూట్ అయ్యేటప్పుడు ప్రతి అడుగూ స్క్రీన్ మీద చూపించే వెర్బోస్ మోడ్‌లో తెల్లక్షరాలు జలజలా పారి, సరిగ్గా ఎగ్జిట్‌బీఎస్ స్టార్ట్ అన్న లైను దగ్గర గడ్డకట్టుకుపోయేవి. అదీ దాటాం. గ్రాఫిక్స్ కార్డు నల్ల ముఖం పెట్టుకుని కూర్చుంటే బూట్ ఆర్గ్యుమెంట్లలో ఒక్క మాట చేర్చేసరికి వెలిగింది. ఈథర్నెట్‌కి ఒక కెక్స్ట్ (మ్యాక్ఓఎస్‌లో డ్రైవర్ లాంటిది), వైఫైకి ఒకటి, ఫ్యాన్ల వేగం చదవడానికి ఒకటి. లిలు, వర్చువల్ఎస్ఎంసీ, వాటెవర్‌గ్రీన్ అని ఫోల్డర్ నిండా అతిథులే, అయినా ఎవరి పని వాళ్లు చేసుకుపోతున్నారు. కాన్ఫిగ్ ఫైల్లో ఒక ట్రూ ఫాల్స్ అయితే మొత్తం బూటే ఆగిపోతుంది, నిజమే. కానీ ఆగిపోతే ఆగిపోయిందని తెలుస్తుంది కదా. తమరిలాగా పని చేస్తున్నట్టు కనిపిస్తూ ముంచరు.

తమరి వైపు నుంచి కూడా ఆలోచించాను, అన్యాయం ఎందుకు? సౌండ్ రావాలంటే ఒక డ్రైవర్ ఒప్పుకుంటే చాలు. నిద్రకి అలా కాదు. గ్రాఫిక్స్ కార్డు, యూఎస్‌బీ కంట్రోలర్, నెట్‌వర్క్ చిప్, గడియారం, మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్, అందరూ వరసగా సంతకం పెట్టాలి, లేచేటప్పుడు అదే వరసని వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాలి, ఒక్కరు పెన్ను కింద పెట్టినా ఫైలు కదలదు. అందులోనూ ఆ ఫర్మ్‌వేర్‌లోని ఏసీపీఐ పట్టికలు (నిద్ర, పవర్ సంగతులు ఓఎస్‌కి చెప్పేవి) విండోస్‌ని దృష్టిలో పెట్టుకుని రాసినవి. అదే బోర్డు మీద విండోస్ పెడితే తమరు ముసుగుతన్ని పడుకుంటారు, పిలవగానే లేస్తారు. అది నాకు తెలుసు, తమరికీ తెలుసు. అందుకే ఎక్కువ మండుతోంది.

సరే, ఎవరు లేపారో కనుక్కుందామని టెర్మినల్ తెరిచి పీఎంసెట్ అనే పవర్ కమాండ్‌తో లాగ్ తీశాను. అదొక డైరీ. ఎప్పుడు పడుకున్నారు, ఎప్పుడు లేచారు, ఎవరి వల్ల లేచారు, అన్నీ రాసి ఉంటాయి. "వేక్ రీజన్" పక్కన ప్రతిసారీ అదే పేరు: ఎక్స్‌హెచ్‌సీ. అంటే యూఎస్‌బీ కంట్రోలర్. ఇక్కడి నుంచి మొదలైంది నా అసలు బాధ, ఇది రాయకపోతే నాకు నిద్ర పట్టదు. తమరికి ఎలాగూ పట్టదు.

మ్యాక్ఓఎస్‌లో ఒక యూఎస్‌బీ కంట్రోలర్‌కి 15 పోర్టులే అని ఒక పరిమితి ఉంది. ఎల్ కాపిటన్ అనే పాత వెర్షన్ కాలం నుంచి ఉంది. పదిహేనంటే చాలా ఎక్కువే కదా, ఇంట్లో అన్ని పరికరాలు ఎవరికుంటాయి అనిపిస్తుంది. కానీ లెక్క చిల్లులతో కాదు. నీలం రంగు యూఎస్‌బీ 3 చిల్లు ఒక్కటే అయినా లోపల దానికి రెండు పేర్లు, యూఎస్‌బీ 2 వేగానికి హెచ్‌ఎస్ ఒకటి, 3కి ఎస్‌ఎస్ ఒకటి. రెండూ లెక్కలోకి వస్తాయి. టైప్ సీ అయితే ఇంకా ముద్దు, లోపల స్విచ్ లేని రకమైతే తిప్పి పెడితే ఒక ఎస్‌ఎస్, తిప్పకుండా పెడితే ఇంకో ఎస్‌ఎస్, వెరసి ఒక్క చిల్లుకి మూడు. నా బోర్డు కంట్రోలర్‌లో పేర్లన్నీ చదివితే 26. అంటే డబ్బు పెట్టి కొన్న చిల్లుల్లో ఏవి బతకాలో, ఏవి చావాలో నేను కూర్చుని నిర్ణయించాలి. ఒకప్పుడు ఆ పరిమితిని ఎత్తేసే ప్యాచ్ ఒకటి ఉండేది, తర్వాతి వెర్షన్ బిగ్ సర్ 11.3తో అదీ చచ్చింది.

ఆ నిర్ణయం ఎలా తీసుకుంటారో తమరు ఎప్పుడైనా చూశారా? చూడరు, ఆ సమయానికి లేచి ఉన్నట్టు నటిస్తుంటారు. ఒక చేతిలో పాత యూఎస్‌బీ 2 పెన్‌డ్రైవ్, ఇంకో చేతిలో 3 పెన్‌డ్రైవ్, నోట్లో టార్చి, తల క్యాబినెట్ వెనక. ఒక చిల్లులో పాతది పెట్టాలి, లేచి వచ్చి స్క్రీన్ మీద ఏ పేరు వెలిగిందో చూడాలి, హెచ్‌ఎస్03 అని కాగితం మీద రాసుకోవాలి, అది తీసి కొత్తది పెట్టాలి, ఎస్‌ఎస్03 వెలిగిందా చూడాలి. టైప్ సీ అయితే తిప్పి మళ్లీ పెట్టాలి. ఆ చిల్లులు బోర్డు మీద ఒక వరసలో ఉంటాయి, పేర్లు మాత్రం ఇంకో వరసలో ఉంటాయి, 1 పక్కన 9 ఉంటుంది, ఎందుకని అడిగే దిక్కు లేదు. చివరికి నా కాగితం మీద బాణాలు, కొట్టివేతలు, ఒక చోట ప్రశ్నార్థకం. ఆ ప్రశ్నార్థకమే బ్లూటూత్. అది బయటికి కనిపించదు, వైఫై కార్డులోనే ఉంటుంది, కానీ లోపల అదీ ఒక యూఎస్‌బీ పరికరమే, దానికీ ఒక హెచ్‌ఎస్ పేరు పోతుంది. దాన్ని మ్యాప్‌లో (ఏ పోర్టులు ఉండాలో, ఏది ఏ రకమో చెప్పే ఫైలు) 255 రకం, అంటే లోపలి పోర్టు అని రాయాలి. మామూలు పోర్టని రాస్తే తమరు కన్ను మూసిన మరుక్షణం అది తట్టి లేపేస్తుంది.

ఇంత చేశాక తమరు పడుకున్నారండీ. ఒప్పుకుంటాను. అప్పట్లో కొన్నాళ్లు బుద్ధిగా పడుకున్నారు, కీ నొక్కితే లేచారు, నేను ఆ మ్యాప్ ఫైలుని నాలుగు చోట్ల దాచుకున్నాను కూడా.

తర్వాత మ్యాక్ఓఎస్ కొత్త వెర్షన్ టాహో వచ్చింది. అది నా పాత ఎస్‌ఎమ్‌బయోస్‌ని (నా పీసీ తాను ఫలానా మ్యాక్ మోడల్‌నని చెప్పుకునే పేరు), ఐమ్యాక్19,1ని ఒప్పుకోదు. కనుక ఐమ్యాక్20,1 అని వేషం మార్చాను. అందరూ కొత్త పేరుకి సలాం కొట్టారు, ఒక్క మ్యాప్ తప్ప. ఎందుకంటే ఆ మ్యాప్ కెక్స్ట్ లోపల పాత మోడల్ పేరు రాసి ఉంటుంది. పేరు కలవకపోతే ఏం చేస్తుంది? ఏమీ చెయ్యదు. ఎర్రర్ ఇవ్వదు, హెచ్చరిక ఇవ్వదు, లోడ్ అయిన జాబితాలో దర్జాగా కనిపిస్తూనే పని మానేస్తుంది. పోర్టులన్నీ మళ్లీ సంతలో పడ్డాయి, బ్లూటూత్ మళ్లీ తలుపు తట్టడం మొదలుపెట్టింది. నిన్నటి నాటకానికి మూలం అదీ.

పోనీ అది ఆపిల్ వాళ్ల తప్పనుకుందాం. పైగా టాహోలో పాత ఆడియో డ్రైవర్‌ని తీసేశారు, మదర్‌బోర్డు సౌండ్ మూగబోయింది, యూఎస్‌బీ సౌండ్ డాంగిల్ ఒకటి తగిలించాల్సి వచ్చింది, దానికి ఇంకో పోర్టు! పదిహేనులో ఇంకొకటి! నేను ఏ చిల్లుని చంపి దాన్ని బతికించాలి?

చూడు, ఇక మర్యాద నా వల్ల కాదు. నువ్వు చేసేదేమిటి అసలు? పడుకోవడం. ఏ పనీ చెయ్యకుండా ఉండడం, అదొక్కటే నీ ఉద్యోగం. వీడియో ఎడిట్ చెయ్యమన్నానా? నిన్ను కదలకుండా ఉండమన్నాను, అంతే. ఊరికే ఉండడం కూడా చేతకాని వాణ్ణి నేను ఇంతవరకూ చూళ్లేదు.

నీ గురించి ఎవరినడిగినా ఒక నాటు వైద్యం చెబుతారు. డార్క్‌వేక్ అనే బూట్ ఆర్గ్యుమెంట్ 8 పెట్టమంటాడొకడు, కాదు 10 అంటాడు ఇంకొకడు, 0 అంటాడు మూడోవాడు, ఆ అంకెకి అర్థమేమిటని అడిగితే ముగ్గురూ మాయమవుతారు. హైబర్నేట్ మోడ్ 0 చెయ్యి, స్లీప్ ఇమేజ్ తీసెయ్యి, నిద్రలోనే పనులు చేసే పవర్ న్యాప్ ఆపు, ఎన్‌వీరామ్ రీసెట్ కొట్టు. ఆ చివరిది ప్రతి రోగానికీ చెబుతారు. జీపీఆర్‌డబ్ల్యూ ప్యాచ్ అని ఇంకొకటి ఉంది, పరికరాలకి నిన్ను లేపే హక్కునే తీసేస్తుంది. భేషుగ్గా పనిచేస్తుంది. అయితే కీబోర్డు హక్కు కూడా దాంతో పాటే పోవచ్చు, అప్పుడు నిన్ను లేపడానికి నేను వంగి క్యాబినెట్ మీద పవర్ బటన్ నొక్కాలి. ఇక నువ్వు లేచాక బయోస్‌కి మతిమరుపు వచ్చి సెట్టింగులు పోయాయి, ఎఫ్1 నొక్కండి అనడం, దానికి ఆర్‌టీసీ (బోర్డు మీది గడియారం) చెక్‌సమ్ ఆపాలని తెలియడం, అదంతా ఇంకో ఉత్తరం.

ఫిర్యాదు చేద్దామంటే కౌంటర్ ఎక్కడుంది? ఆపిల్ ముద్ర ఉన్న మెషీన్ మీదే వాడాలని లైసెన్సులో స్పష్టంగా ఉంది, కనుక అటు వెళ్లి నోరు తెరవలేను. మదర్‌బోర్డు కంపెనీ వాళ్లకి మెయిల్ పెడితే ఏ ఓఎస్ అని అడుగుతారు, అక్కడితో సంభాషణ ముగుస్తుంది. మిగిలింది నువ్వొక్కడివే. అందుకే ఈ ఉత్తరం నీకే రాస్తున్నా.

ఇంకో మాట. ఇంటెల్ మ్యాక్‌లకి టాహోనే ఆఖరి వెర్షన్ అని 2025 జూన్‌లో ప్రకటించేశారు. 2006లో ఇంటెల్ మ్యాక్‌లు రాబట్టే మనకి ఈ సంసారం కుదిరింది, వాటితోనే పోతుంది. సెక్యూరిటీ అప్‌డేట్లు ఇంకొన్నాళ్లు వస్తాయి, కానీ ఇక కొత్త వెర్షన్ రాదు, కొత్త మ్యాప్ అక్కర్లేదు, వేషం మార్చే పని లేదు. ఈ వార్త విని సంతోషించాలి కదా? సంతోషం రాలేదు. నీ వల్లనే నాకు ఏసీపీఐ అంటే ఏమిటో తెలిసింది, ఎస్3కీ (మెమరీలో నిద్ర) ఎస్4కీ (డిస్కులో నిద్ర) తేడా తెలిసింది, మామూలు కంప్యూటర్ మూత వేసిన క్షణంలో లోపల ఎంతమంది ఎంత ఒద్దికగా తప్పుకుంటారో తెలిసింది. ఎవరిదైనా ల్యాప్‌టాప్ మూత పడి మళ్లీ తెరుచుకోగానే వెలిగితే ఇప్పుడు నేను ఆగి చూస్తాను, వాళ్లకి అర్థం కాదు. దీనికి నీకు థ్యాంక్స్ చెప్పాలేమో. ఇప్పుడు కాదు.

మ్యాప్‌లో మోడల్ పేరు మార్చాను, బ్లూటూత్‌ని మళ్లీ 255 చేశాను, డాంగిల్ కోసం ముందు వైపు ఒక యూఎస్‌బీ 3 చిల్లుకి ఎస్‌ఎస్ పేరు తీసేసి దాన్ని 2 స్థాయికి దింపాను. రాత్రి పడుకున్నావు. పొద్దున కీ నొక్కితే లేచావు, స్క్రీన్ వచ్చింది, సౌండ్ కూడా వచ్చింది. లాగ్‌లో ఎక్స్‌హెచ్‌సీ పేరు లేదు. బాగానే ఉంది. కానీ తెల్లవారుజామున నువ్వు ఒకసారి లేచి మళ్లీ పడుకున్నట్టు అందులో రాసి ఉంది, కారణం ఆర్‌టీసీ అలారం అట. ఎవరు పెట్టారు ఆ అలారం? నేనైతే పెట్టలేదు. పవర్ న్యాప్ ఆపే ఉంది, నెట్‌వర్క్ వేక్ ఆపే ఉంది. మళ్లీ టెర్మినల్ తెరుస్తున్నాను, నిజం చెప్పు.

ఇట్లు,
నీ యజమాని