మహారాజరాజశ్రీ స్పీడ్ బ్రేకరు గారికి ఒక తల్లి విన్నపం

మహారాజరాజశ్రీ స్పీడ్ బ్రేకరు గారి దివ్యసముఖమునకు, బెంగళూరు కృష్ణరాజపురం నుంచి ఒక తల్లి వ్రాయు విన్నపము.

ఉభయకుశలోపరి. తమరు క్షేమమేనా అని అడగనక్కర్లేదు. నీళ్ల ట్యాంకరు ఎక్కి దిగినా, ఇసుక లారీ ఎక్కి దిగినా తమరి ఒంటి మీద గీత పడదు. ఇక్కడి విశేషం ఏమిటంటే, పదిహేనేళ్ల మా అబ్బాయికి ఈ మధ్యే పందెపు తరహా రోడ్డు సైకిలు తొక్కడం నేర్పుతున్నాను. ఈ చదువులో అసలు గురుపీఠం తమరిదే కాబట్టి ముందుగా తమరికి తాంబూలం సమర్పించుకోవడం ధర్మం.

నేను వేసుకున్న పాఠాల వరస వేరు. వంగిన హ్యాండిలును కింది భాగంలో పట్టుకోవడం, ఎత్తు రాకముందే గేరు తేలిక చేసుకోవడం, నిమిషానికి ఎనభై తొంభై చుట్లు తిరిగేలా కాళ్లకు లయ అలవాటు చేయడం, దాహం వేయకముందే నీళ్లు తాగడం నేర్పి, ఆ తరువాత ఒక ఆదివారం తెల్లవారుజామున బూదిగెరె, దేవనహళ్లి మీదుగా వాణ్ణి నంది కొండకు తీసుకువెళ్లాలని నా ఆలోచన. 1,478 మీటర్ల ఎత్తున్న ఆ కొండ చుట్టుపక్కల వరసల్లోనే మా పెన్నా నది పుట్టింది. నెల్లూరులో ఆ నీళ్లు తాగి పెరిగిన నాకు, నా కొడుకు తన కాళ్ల సత్తువతో పెన్నమ్మ పుట్టింటికి చేరాలని ఒక కోరిక. తమరు మాత్రం మా వీధి మలుపులోనే పగ్గాలు అందుకుని, పాఠాల వరసంతా మార్చివేశారు.

తమరిది నిజానికి మర్యాద గల వంశం. మన రోడ్లకు కొలతలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారు 1988లో వెలువరించి, 2018లో సవరించిన 99వ నంబరు మార్గదర్శకాల తొలి ప్రతిలో తమరి జాతకం ఉంది. ఎత్తు 10 సెంటీమీటర్లు, బండి నడిచే దిశలో వెడల్పు 3.7 మీటర్లు, దాటవలసిన వేగం గంటకు 25 కిలోమీటర్లు, ఒంటి నిండా నలుపు తెలుపు పట్టీలు, రాకను ముందుగా చాటే హెచ్చరిక బోర్డు. అంత నిదానంగా లేచి అంత నిదానంగా వాలే వంపు మీదుగా సైకిలు ఏ చప్పుడూ లేకుండా సాగిపోతుంది. మా వీధిలో తమరిని పోసిన మహానుభావులు ఎత్తు దగ్గర ధారాళంగానూ, వెడల్పు దగ్గర పిసినారిగానూ వ్యవహరించారు. పట్టీల ఊసు, బోర్డు ఊసు ఎత్తలేదు. తమరి దాయాదులైన రబ్బరు పట్టీల సంగతి ఇంకా విచిత్రం. అవి సగం ఊడి ఎటో వెళ్లిపోయాయి, వాటిని బిగించిన బోల్టులు మాత్రం నేలలోంచి తల ఎత్తి టైర్ల కోసం ఎదురు చూస్తున్నాయి.

తమరి న్యాయం కూడా వింతగా ఉంటుంది. తమరు అవతరించింది కార్ల వేగం తగ్గించడానికి. అయితే బలిసిన టైర్లు, మెత్తటి సస్పెన్షన్ ఉన్న పెద్ద కారు తమరిని ఇట్టే దాటిపోతుంది, లోపల కూర్చున్నవారి ఫోను సంభాషణ కూడా తెగదు. స్ప్రింగు అన్నదే లేని పది కిలోల సైకిలు మీద, 25 మిల్లీమీటర్ల టైరుతో వచ్చే పిల్లవాడికి మాత్రం పూర్తి శిక్ష పడుతుంది. రిమ్ము అంచుకూ తమరి నెత్తికీ మధ్య ట్యూబు నలిగి, పాము కాటు వేసినట్టు పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. దగ్గరి పంక్చరు కొట్టుకు నడిపించుకు వెళితే, ట్యూబులోకి గాలి ఎక్కించే ఆ సన్నటి ప్రెస్టా వాల్వుకు కంప్రెసరు నాజిల్ పట్టదు. ఇత్తడి అడాప్టరు జేబులో లేకపోతే అక్కడ మాకు దొరికేది సానుభూతి మాత్రమే.

ఇంత చేసినా తమరి బోధనాశక్తిని మెచ్చుకోక తప్పదు. “మోచేతులు వంచరా నాన్నా” అని నేను మొత్తుకున్నంత కాలం నన్నొక పాత రేడియోలా చూసిన మావాడు, తమరు ఒక్కసారి చెప్పగానే వంచాడు. తమరిని చేరకముందే బ్రేకు వేసి ఎక్కేటప్పుడు వదలడం, రెండు పెడళ్లనూ సమంగా నిలిపి సీటు మీద నుంచి కాస్త లేవడం, మోకాళ్లు సడలించి బరువును కొంచెం వెనక్కి జరపడం ఇప్పుడు వాడికి ఊపిరి పీల్చినంత సహజం. ముందున్న ఆటో వెనక ఎర్రదీపం వెలిగితే తమరి జాడ పసిగడతాడు. తమరికీ మురుగు కాలువకూ మధ్య మిగిలిన జానెడు సందులోకి స్కూటర్లన్నీ ఒక్కసారిగా దూరితే, తాను ఆశపడకుండా తమరి మీదుగానే నేరుగా వెళతాడు. ఆ సందులో ఇసుక, తడి, పక్క నుంచి తోసుకొచ్చే హ్యాండిళ్లు తప్ప వేరే లాభం లేదని చెప్పడానికి నాకు చాలా గొంతు ఖర్చయింది. ఇప్పుడు వాడే నాకంటే ముందు వెళుతూ, చెయ్యి కిందికి చాచి “అమ్మా, హంప్!” అని అరుస్తున్నాడు.

టైర్లు కూడా మార్చాము. ఒకప్పుడు 23 మిల్లీమీటర్ల వాటి మీద పరుగెత్తిన పందెగాళ్లే ఇప్పుడు 28కీ, ఆ పైకీ వచ్చారు. గరుకు రోడ్డు మీద వెడల్పు టైరులో కాస్త తక్కువ గాలి ఉంటే కుదుపు తగ్గుతుంది, వేగం పోదు. మావాడి ఫ్రేములో 28 పట్టింది కాబట్టి సరిపోయింది, పట్టకపోతే తమరి కోసం సైకిలే మార్చవలసి వచ్చేది.

తమరిని తవ్వి పారేయమని నేను కోరడం లేదు. ఆ మలుపు అవతల చిన్నపిల్లల బడి ఉంది, తమరు లేకపోతే అక్కడ ఒక్క కారూ నెమ్మదించదు. పుస్తకంలో ఉన్న ఒడ్డూ పొడుగూ తెచ్చుకోవడం తమరి చేతిలో లేదని కూడా ఎరుగుదును. కనీసం ఆ తెల్ల పట్టీలైనా ఉంటే, వీధి దీపం వెలగని తెల్లవారుజామున తమరి దర్శనం చక్రం కంటే ముందు కంటికి కలుగుతుంది. రంగుకు డబ్బు మంజూరు కాలేదంటే, మా ఇంట్లో సంక్రాంతికి తెచ్చిన ముగ్గుపిండి ఇంకా డబ్బా నిండుగా ఉంది. శనివారం రాత్రి రద్దీ పల్చబడ్డాక నేనూ మావాడూ వచ్చి తమరికి నాలుగు పట్టీలు దిద్ది వెళతాము. దయచేసి అంతవరకు ఇంకో అంగుళం పెరగకుండా ఉండగలరు.

ఇట్లు,
తమరి శిష్యుడి తల్లి