బెంగళూరు గ్లాసు, వైజాగ్ ఫైలు

డిసెంబరులో అమెరికా నుంచి దిగే మనవాళ్లు వైజాగ్ మీద ఇచ్చే తీర్పు దాదాపు ఒకేలా ఉంటుంది: "ఊరు అదిరింది గానీ, బీరు బెంగళూరులా లేదండీ." కొందరు బెంగళూరు బదులు హైదరాబాద్ అంటారు. ఇంకాస్త ముదిరినవాళ్లు చిన్న బ్రూవరీల బీరుకు పేరుపడ్డ అమెరికా ఊరు పోర్ట్‌లాండ్ దాకా వెళ్లిపోతారు. నేనూ చాలా ఏళ్లు అమెరికాలో ఉండి తిరిగొచ్చి ఇక్కడ స్థిరపడ్డవాణ్నే కాబట్టి, ఆ మాట వెనకాల ఉన్న నిట్టూర్పు నాకు అర్థమవుతుంది. తీర్పులో అబద్ధమేమీ లేదు. కాకపోతే మనవాళ్లు బీర్లను పోలుస్తున్నామనుకుంటూ ఎక్సైజ్ శాఖలను పోలుస్తున్నారు.

మన రాజ్యాంగం ఏడో షెడ్యూలులో మద్యాన్ని రాష్ట్రాల జాబితాలో పెట్టారు. తయారీ, అమ్మకం 8వ అంశం కింద, సుంకం 51వ అంశం కింద వస్తాయి. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు కూడా తాగే మద్యాన్ని దాని బయటే ఉంచేశారు. రాష్ట్రాలకు అంత ఆదాయం వదులుకునే ఉద్దేశం లేదు మరి. అంచేత బీరు విషయంలో ఒక్కో రాష్ట్రం ఒక్కో దేశం. ఒకచోట చేసింది పక్క రాష్ట్రంలో అమ్మాలంటే అక్కడి లేబుల్ రిజిస్ట్రేషను, అక్కడి పర్మిట్, అక్కడి సుంకం అన్నీ మళ్లీ మొదటికొస్తాయి. పైగా మైక్రోబ్రూవరీలో, అంటే కొద్దికొద్దిగా బీరు కాచే చిన్న కేంద్రంలో, చేసే బీరును సాధారణంగా పాశ్చరైజ్ చేయరు. చల్లదనం తప్పితే పాడైపోతుంది. కింగ్‌ఫిషర్ సీసాకు ఉన్న ఓపిక దానికి లేదు. పుట్టిన ఊళ్లోనే తాగాల్సిన సరుకు అది.

ఏ రాష్ట్రం ఎప్పుడు, ఎలా తలుపు తీసిందన్నదాన్ని బట్టే ఆ ఊరి బీరు తయారైంది. పుణెలో డూలాలీ అనే బ్రూపబ్, అంటే బీరు అక్కడే చేసి అక్కడే పోసే పబ్బు, 2009లో మొదలైంది. గుర్గావ్‌లోనూ ఇంచుమించు ఆ రోజుల్లోనే బ్రూపబ్‌లు వచ్చాయి. బెంగళూరు ఇందిరానగర్‌లో టాయిట్ 2010లో తెరుచుకుంది. తర్వాత రెండేళ్లలో మిషిగన్‌లోని ఆన్ ఆర్బర్ బ్రూవరీ పేరుతో ఆర్బర్, వైట్‌ఫీల్డ్‌లో విండ్‌మిల్స్ వచ్చాయి. మహారాష్ట్ర దారి వేరు. గేట్‌వే అనే చిన్న కంపెనీ 2014 ప్రాంతంలో డోంబివలీలో బీరు చేసి, కెగ్గుల్లో ముంబయి రెస్టారెంట్లకు పంపింది. సొంత పబ్బు పెట్టాలంటే ముంబయి అద్దెలకు ఎవరు ఆగుతారు? గోవాలో సుంకాలు తక్కువ, తాగడానికి వచ్చే జనం ఎక్కువ. కాబట్టి అక్కడి చిన్న బ్రూవర్లు సీసాలు, క్యాన్ల వైపు వెళ్లారు. గోవా బ్రూయింగ్ కంపెనీ చేసే ఐపీఏకి, అంటే చేదెక్కువ బీరుకి, అంజునా హిప్పీల కాలం నాటి ఒక పెద్దాయన మారుపేరు పెట్టారు, ఎయిట్ ఫింగర్ ఎడ్డీ అని. ఆ పేరు చూసే కొనేవాళ్లున్నారు. బీరు కూడా బాగుంటుందిలెండి.

బెంగళూరును మెచ్చుకోవడంలో నేను పిసినారితనం చూపించను. సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల ఎత్తు, ఏ కాలంలోనైనా బయట కూర్చోగలిగే సాయంత్రాలు, సాఫ్ట్‌వేర్ జీతాలు, ఎనభైల నుంచే పబ్బులకు అలవాటుపడిన జనం, 1915 నుంచి యునైటెడ్ బ్రూవరీస్ ఉన్న ఊరు. ఇవన్నీ ఒకేచోట కలిసాయి. వీటికంటే పెద్ద విషయం ఒకటుంది. అక్కడ రూల్సు ఒకసారి వచ్చాక, ప్రభుత్వాలు మారినా పాలసీ తలకిందులు కాలేదు. బ్రూవర్‌కు తప్పులు చేసి దిద్దుకునే టైము దొరికింది. తాగేవాడికి నాలుక మార్చుకునే టైము దొరికింది. టాయిట్ వాళ్లు బాస్మతి బియ్యం వేసి బ్లాండ్ ఏల్ అనే లేత రంగు బీరు చేశారు. మొదటి నెలలోనే ఎవరికీ అలాంటి ధైర్యం రాదు.

హైదరాబాద్‌కు తెలంగాణ ప్రభుత్వం 2015లో మైక్రోబ్రూవరీ రూల్స్ ఇచ్చాక ఊపొచ్చింది. జూబ్లీహిల్స్‌లో ప్రోస్ట్, జీరో40 లాంటివి వచ్చాయి. ఆ తర్వాత గచ్చిబౌలి వైపు ఒకదాన్ని మించి మరొకటి. నా లెక్కలో హైదరాబాద్‌లో బీరు కంటే హాలు గొప్పది. పైకప్పు ఎత్తు, లైట్లు, డీజే, మెనూ అట్ట బరువు అన్నీ భారీగా ఉంటాయి. ట్యాపులు మాత్రం ఎక్కడికెళ్లినా అవే నాలుగు: గోధుమ బీరు ఒకటి, బెల్జియన్ విట్ ఒకటి, లాగర్ పేరుతో ఒకటి, నల్లటి స్టౌట్ ఒకటి. హైదరాబాద్ మిత్రులు కోప్పడితే పడనివ్వండి. బిర్యానీ మీద పెట్టిన శ్రద్ధలో పావు వంతు ఐపీఏ మీద పెట్టినా నా మాట వెనక్కి తీసుకుంటాను.

ఇక మన సంగతి. ఆంధ్రలో మద్యం ఎప్పుడూ కేవలం వ్యాపారం కాలేదు, కాకూడదు కూడా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. అది రాష్ట్రమంతా పాకింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం పెట్టింది. 1997లో చంద్రబాబు ప్రభుత్వం దాన్ని సడలించింది. 2019 అక్టోబరులో షాపులన్నీ ప్రభుత్వం చేతిలోకి వెళ్లాయి. ఆ అయిదేళ్లూ పేరున్న బ్రాండ్లు అరుదైపోయి, ఎప్పుడూ వినని పేర్లతో సీసాలు కౌంటరు మీదికొచ్చాయి. యునైటెడ్ బ్రూవరీస్ ఫ్యాక్టరీ ఇక్కడే శ్రీకాకుళం జిల్లా రణస్థలం దగ్గర పెట్టుకుని, వైజాగ్ వైన్ షాపులో కింగ్‌ఫిషర్ ఉందా అని బతిమాలాల్సి వచ్చిన రోజులవి. 2024 అక్టోబరులో షాపులు మళ్లీ ప్రైవేటు వాళ్లకు వెళ్లాయి, లాటరీ పద్ధతిలో.

దూబగుంట ఆడవాళ్ల పోరాటాన్ని "పాత కాలం" అని పక్కకు నెట్టేసి బీరు గురించి రాసేవాళ్లంటే నాకు గిట్టదు. కూలి డబ్బంతా సారా దుకాణంలో పోసే మగాడి ఇల్లు ఎలా ఉండేదో తెలియనివాళ్లు రాసే రాతలవి. కాకపోతే, ఆ కోపం ఎవరి మీదో కూడా చూడాలి. ఊరి చివర బెల్టు షాపు ఎప్పుడూ బతికే ఉంటుంది. నియమం ప్రకారం లైసెన్సు కట్టి, కరెంటు బిల్లు కట్టి, వంటవాళ్లకు జీతాలిచ్చి, ఆడవాళ్లు కూడా ధైర్యంగా వచ్చి కూర్చునే చోటు నడిపేవాడికే ప్రతి ఎన్నికల ముందూ టెన్షన్. బారు పెట్టుకున్నవాడు పాలసీ మారితే సరుకు మార్చుకుంటాడు. బ్రూవరీ పెట్టినవాడు స్టీలు ట్యాంకులు, చిల్లర్లు, గాజు గోడలు కట్టుకుని కూర్చుంటాడు. ఆ పెట్టుబడి తిరిగిరావడానికి ఏళ్లు పడుతుంది. మన పాలసీకి అంత ఆయుష్షు ఎప్పుడూ లేదు. వైజాగ్‌లో ఐరన్ హిల్ లాంటివి ఇన్నాళ్లూ నిలబడటమే నాకు ఆశ్చర్యం.

రూల్సు ఒక్కటే కాదు, నాలుక కూడా ఉంది. మనవాళ్లు స్ట్రాంగ్ బీరు మనుషులు. చాలా రాష్ట్రాల్లో బీరు మీద సుంకం లీటర్ల లెక్కన పడుతుంది, అందులో ఆల్కహాలు ఎంతన్నది పెద్దగా పట్టదు. కాబట్టి పెట్టిన రూపాయికి కిక్ ఎక్కువిచ్చేదే గెలుస్తుంది. స్టీల్‌ప్లాంట్‌లో రిటైరైన మా మావయ్యను ఒకసారి బ్రూపబ్‌కు తీసుకెళ్లి హెఫెవైజెన్ అనే జర్మన్ గోధుమ బీరు ఇప్పించాను. గ్లాసు ఎత్తి చూసి, వాసన చూసి, "ఏట్రా ఇది, మురికిగా ఉంది, అరటిపండు వాసనొస్తంది, పాడైపోనాదేటి?" అన్నాడు. ఆ మసకదనం ఈస్టు వల్ల, గోధుమ వల్ల. అరటిపండు వాసన ఆ ఈస్టు పులిసేటప్పుడు పుట్టించే ఐసోఅమైల్ ఎసిటేట్ వల్ల, నిజం అరటిపండులోనూ అదే ఉంటుంది. ఇదంతా వివరించాను. "అయితే మరి అరటిపండే తినొచ్చుగా" అన్నాడు. రెండో గ్లాసు మాత్రం ఆయనే అడిగాడు.

దేశంలో ఎక్కడికెళ్లినా ఈ గోధుమ బీరే ఎందుకు ఎదురవుతుందన్నదానికి కారణం రుచి కంటే ట్యాంకులే. ఏల్ రకాలు ఇరవై డిగ్రీల దగ్గర పులిసి రెండు మూడు వారాల్లో గ్లాసులోకొస్తాయి. నిఖార్సైన లాగర్ పది డిగ్రీల దగ్గర నిదానంగా పులవాలి, ఆ తర్వాత సున్నాకు దగ్గరగా వారాల తరబడి ట్యాంకులో పడుండాలి. లైసెన్సు ఫీజు గడియారంలా తిరుగుతుంటే ట్యాంకును అన్నాళ్లు ఒక్క బీరుకే ఎవరు కట్టేసి ఉంచుతారు? "మా లాగర్ తాగండి" అని పది రోజుల సరుకు పోసేవాళ్లు అందుకే ఉన్నారు. అది ఏ ఊళ్లోనో చెప్పను, అన్ని ఊళ్లలోనూ ఉన్నారు.

మరి వైజాగ్ ఏం చెయ్యాలి? బెంగళూరు మెనూను జిరాక్సు తియ్యకూడదన్నది నా మొదటి మాట. ఏప్రిల్ నుంచి ఇక్కడ గాలి నీళ్లు కారుతూ ఉంటుంది. చొక్కా ఒంటికి అతుక్కుపోయే సాయంత్రం ఏడు శాతం ఐపీఏ ఎవడికి కావాలి? జర్మనీలో గోస్లార్ ఊళ్లో పుట్టి, లైప్‌జిగ్‌లో నిలబడిన గోజే అనే బీరుంది. పుల్లగా, తేలిగ్గా ఉంటుంది, అందులో ఉప్పు, ధనియాలు వేస్తారు. ఉప్పు, ధనియాలు, పులుపు! మన బీచ్ రోడ్డు మీద మురీ మిక్చర్ తినే నోటికి, వంజరం వేపుడు తినే నోటికి ఇంతకంటే ఏం కావాలి? పెద్ద సీజన్లో ఇది ట్యాపు మీద ఎందుకు ఉండదో నాకు అర్థం కాదు.

రెండోది చోడి, అంటే రాగి. ఉత్తరాంధ్ర ఇళ్లలో పసిపిల్లల జావ కోసం చోళ్లు నానబెట్టి, మూట కట్టి, మొలకలొచ్చాక ఆరబెట్టి, వేయించి పిండి పట్టిస్తారు. బార్లీతో మాల్టు చేసేవాడు చేసేదీ సరిగ్గా ఇదే పని. మొలక వచ్చేటప్పుడు పిండిని చక్కెరగా మార్చే ఎంజైములు పుడతాయి. చిరుధాన్యాల్లో ఆ గుణం చోడిలో బాగా ఉంటుంది. మన అమ్మమ్మలకు సగం బ్రూయింగ్ వచ్చన్నమాట, చెప్తే కొడతారనుకోండి. బార్లీతో పాటు చోడి మాల్టు కలిపి చేసే డార్క్ బీరు ఒకటి ఈ ఊరికి న్యాయంగా రావాలి. అనకాపల్లి బెల్లం కూడా. బెల్జియంవాళ్లు గాఢమైన బీర్లలో చక్కెర వేసేది బీరు నోటికి తేలిగ్గా తగలాలని, బెల్లంతో ఆ పనీ అవుతుంది, వాసనా వస్తుంది.

అరకు కాఫీ స్టౌట్ గురించి కూడా అడుగుతారు. మంచి ఆలోచనే. అరకు కాఫీకి 2019లో జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. అయితే కాఫీ గింజలు నాలుగు వేసి, గోడమీద ధింసా బొమ్మ పెడితే ఊరి బీరు అయిపోదు. అది టూరిస్టు బీరు. ఊళ్లోవాళ్లు వారం మధ్యలో, పండగ లేకుండా, ఫోటో తియ్యకుండా తాగేది ఊరి బీరు.

అదే అరకు, పాడేరు కొండల్లో జీలుగు కల్లు ఉంది. చెట్టు మీద కుండలోనే పులవడం మొదలవుతుంది, పొద్దున తియ్యగా ఉన్నది సాయంత్రానికి పులిసిపోతుంది. ఫిల్టర్ లేదు, పాశ్చరైజేషన్ లేదు, బ్రాండు లేదు, తెల్లారి ఉండదు. క్రాఫ్టు బీరువాళ్లు గొప్పగా చెప్పుకునే లక్షణాలన్నీ దానికి ముందే ఉన్నాయి. బ్రూపబ్‌లో చేదును కొలిచే ఐబీయూల గురించి అరగంట మాట్లాడేవాళ్లు కల్లు పేరెత్తితే మొహం చిట్లిస్తారు, దాన్ని మాత్రం నేను రుచి అనను.

పోర్ట్‌లాండ్ బాపతు మిత్రులకు ఒక్క మాట. అమెరికాలో ఇంట్లో బీరు చేసుకోవడానికి ఫెడరల్ చట్టం ఒప్పుకున్నది 1978లో, కార్టర్ సంతకంతో. సియెరా నెవాడా పెట్టిన కెన్ గ్రాస్‌మన్ అంతకుముందు ఇంటి బ్రూయింగ్ సామాన్ల కొట్టు నడిపినవాడే. అక్కడి బ్రూవర్లు చాలామంది గరాజుల్లోంచి వచ్చారు. అక్కడా రాష్ట్రాల పేచీ ఉంది, అలబామా, మిసిసిపి 2013 దాకా ఒప్పుకోలేదు. ఇక్కడ లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు చేస్తే కేసే. గరాజు లేని చోట బ్రూవర్లు ఎక్కడి నుంచి వస్తారు? జర్మనీ నుంచో, పెద్ద ఫ్యాక్టరీల నుంచో తెచ్చుకోవాలి. జీతం పెద్దది, ప్రయోగం చిన్నది. ఈ లోటు మనది ఒక్కటే కాదు, బెంగళూరుదీ, పుణెదీ.

నాకు కావలసినవి పెద్ద కోరికలేం కాదు. లైసెన్సు ఫీజు ట్యాంకు సైజును బట్టి ఉండాలి, చిన్నవాడు కూడా అడుగుపెట్టగలగాలి. తాజా బీరు గ్రౌలర్ అనే పెద్ద సీసాలో సీలు వేసి ఇంటికి తీసుకెళ్లనివ్వాలి, బీచ్ రోడ్డు మీద తాగి కారు నడిపేవాళ్లు కొందరైనా తగ్గుతారు. అన్నిటికంటే ముందు, ఎవరు గెలిచినా పదేళ్లు పాలసీని కదపబోమని రాసివ్వాలి.

ఈ ఊళ్లో బ్రూపబ్ పెడదామా అని ఫోన్లు చేసే ఎన్నారై మిత్రులు, ట్యాంకుల కొటేషన్ తెప్పించే ముందు ఆ మూడో దాని సంగతి తేల్చుకోండి. మంత్రులు మన తెలుగు సంఘాల మహాసభలకు వస్తూనే ఉంటారు. పెట్టుబడుల సెషన్లో ఐటీ పార్కు, ఫార్మా, డేటా సెంటర్ అయ్యాక మైక్ తీసుకుని మైక్రోబ్రూవరీ పాలసీ ఎన్నాళ్లుంటుందని అడగండి. వేదిక మీద ఇబ్బందిగా నవ్వుతారు, హాల్లో ఆడవాళ్లు మీ వంక గుర్రుగా చూస్తారు. అయినా అడగండి.