నిజమా, గ్రాఫిక్సా?

కావలిలో మా వీధి టీకొట్టు దగ్గర వారం నుంచి ఒకటే గొడవ. తాడు లేకుండా కొండెక్కే వీడియో నిజమా, గ్రాఫిక్సా అని. "అంతా ఏఐ అబ్బయా" అని కొట్టిపారేస్తాడు మా బావ. 2017లో అలెక్స్ హానాల్డ్ అనే కొండలెక్కేవాడు అమెరికాలో దాదాపు 900 మీటర్ల ఎల్ కాపిటన్ కొండను అలాగే ఎక్కాడని, ముందు తాడు కట్టుకుని ఎన్నోసార్లు సాధన చేశాడని చెబితే వినేవాడు లేడు.

మొన్న సాయంత్రం మా అక్క కొడుకు వాటర్ ట్యాంకు నిచ్చెన మీద సగం ఎత్తులో కనిపించాడు. కాళ్ళు వణుకుతున్నాయి, అరచేతుల నిండా తుప్పు. కింద ఇంకొకడు ఫోన్ పట్టుకుని "ఇంకో రెండు మెట్లెక్కరా" అంటున్నాడు. వాణ్ణి దించేసరికి నా ప్రాణం పోయినంత పనైంది. టీకొట్టు నుంచి ఆ ట్యాంకు బాగా కనిపిస్తుంది. అక్కడ మాత్రం వీడియో ఆపి ఆపి, నీడ ఎటు పడిందని ఇంకా వాదించుకుంటున్నారు!