మీ బాధ నేను అర్థం చేసుకోగలను అన్న మిషన్ గారికి

జనరేటర్ కంపెనీ కస్టమర్ కేర్‌లో మనిషికి బదులు ఫోన్‌లో మాట్లాడుతూ కొలువై ఉన్న మిషన్ గారికి నమస్కారాలండి.

నిన్న తెల్లవారుజామున కరెంటు పోయి, జనరేటర్ మొరాయించి, మా రొయ్యల చెరువులో నీళ్లకి గాలి అందించే ఏరియేటర్లు ఆగి, రొయ్య నీటి మీదకి తేలుతున్న వేళ ఫోన్ చేస్తే తమరు "మీ బాధ నేను అర్థం చేసుకోగలను" అన్నారు. ఎంత ఆర్ద్రంగా అన్నారండీ! మా పెదనాన్న పోయినప్పుడు పలకరింపుకొచ్చిన చుట్టాలు కూడా అంత బాగా అనలేదు.

ఏం అర్థమైందండి? రాత్రంతా నీళ్లలో పాచి దగ్గర్నుంచి రొయ్య దాకా అన్నీ ఆక్సిజన్ పీల్చేస్తుంటాయి, ఎండ లేక కొత్తది పుట్టదు, అందుకే తెల్లారే ముందు మరీ అడుగంటుతుంది. ఇది అడిగితే తమరు నాకన్నా శుభ్రంగా చెప్తారు. కానీ టార్చి వేస్తే గట్టు వారన ఎర్రటి కళ్లు కుప్పలుగా మెరుస్తుంటే కడుపులో తిప్పుతుంది చూశారూ, అది తమరికి ఎక్కడ తిప్పిందండి?

తమరి వంశం పాతదే లెండి. 1966 నాటి ఎలిజా అనే ప్రోగ్రామ్ మనం అన్నదాన్నే తిప్పి ప్రశ్నగా అడిగేది. అంతమాత్రానికే, దాన్ని తయారుచేసిన వైజెన్‌బామ్‌ని ఆయన సెక్రటరీ కాసేపు బయటికెళ్లమంది, దాంతో ఏకాంతంగా మాట్లాడుకోవాలని. 2022లో తమరి చుట్టానికి, అంటే గూగుల్ వాళ్ల మాట్లాడే ప్రోగ్రామ్ ఒకదానికి, మనసుందన్నాడు గూగుల్ ఇంజనీరు బ్లేక్ లెమోయిన్. ఉద్యోగం పోయింది ఆయనకి, దానికి కాదు.

ఎప్పటికైనా మిషన్‌కి నిజంగానే నొప్పి తెలుస్తుందేమో, కాదనడానికి నేనెవర్ని? అదే 2022లో బ్రిటన్ చేసిన చట్టం పీతల్నీ రొయ్యల్నీ కూడా బాధ తెలిసిన జీవాల్లో చేర్చింది. పాపం రొయ్య, "నాకు బాధగా ఉంది" అని ఒక్కసారీ నోరు తెరవలేదు. జనం దాని ఒంటినీ నడతనీ చూసి తేల్చారు. నువ్వేమో అనని మాట లేదు. బాధపడ్డావా లేదా అన్నది తర్వాత సంగతి, ముందు పోయేదేమైనా ఉండాలి కదా నీకు!

పాలకొల్లు నుంచి వచ్చిన మెకానిక్ అయ్యో అన్న పాపాన పోలేదు. నిద్ర చెడగొట్టామని విసుక్కుంటూనే డీజిల్ పైపులో గాలి తీసి, జనరేటర్ స్టార్ట్ చేసి పోయాడు. అప్పటికే ఆలస్యమైంది. మిగిలిన సరుకుని వంద కౌంట్‌కే, అంటే కిలోకి వంద తూగే చిన్న సైజులోనే, పట్టేశాం. వచ్చిన డబ్బు మేత బాకీకే చాలదు.

ఫోన్ పెట్టేసే ముందు "మీకు ఇంకేమైనా సహాయం కావాలా?" అని అడిగావే, అసలు మొదటిదేం చేశావని?