పాము పిల్లల్ని పొదిగించొచ్చు, మరి వదిలే చోటు?

పాముని అడవిలో వదిలే వీడియోలు మనకు కొత్త కాదు. బండి ఆపి, ప్లాస్టిక్ డబ్బా మూత తీసి, నలుగురు ఫోన్లు పట్టుకుని నిలబడితే పాము గడ్డిలోకి జారిపోతుంది. ఆరు నెలల తర్వాత ఆ పాము బతికుందో లేదో చెప్పే వీడియో మాత్రం ఎక్కడా కనిపించదు.

తగ్గిపోతున్న దేశవాళీ పాముల్ని జూలో పెంచి, పిల్లల్ని నల్లమలలోనో లంకమలలోనో వదిలితే సరిపోతుంది కదా అనేవాళ్లున్నారు. ఉద్దేశం మంచిదే. కానీ కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల వరకు చూస్తే, చివర చేయాల్సిన పనిని వీళ్లు ముందుకు తెస్తున్నారనిపిస్తుంది. పైగా ఇది ఎవరికి వాళ్లు తలపెట్టే పని కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దేశవాళీ పాముని ఇంట్లో పెంచుకోవడమే నేరం. గుర్తింపు ఉన్న జూ, అటవీ శాఖ అనుమతి, రెండూ ఉంటేనే మాట మొదలవుతుంది.

పెంచి వదలడమంటే ఎంత పనో తెలియాలంటే అమెరికాలోని ఇండిగో పాము సంగతి చూడాలి. నల్లగా నిగనిగలాడుతూ ఎనిమిది అడుగులు దాటి పెరిగే ఈ విషం లేని పాము, అలబామా అడవుల్లో 1950ల తర్వాత కనిపించకుండా పోయింది. 2010లో అక్కడి కొనెకా అడవిలో, పెంచిన పాముల్ని వదలడం మొదలుపెట్టారు. గుడ్డులోంచి వచ్చిన పిల్లని వచ్చినట్టే వదల్లేదు. గద్దలకీ ఇతర జంతువులకీ తేలిగ్గా దొరకనంత సైజు వచ్చేదాకా రెండేళ్లు మేపారు. తర్వాత ఒంట్లో రేడియో ట్రాన్స్‌మిటర్ పెట్టి వెంట తిరిగారు. పులికి కట్టినట్టు కాలర్ కడదామంటే పాముకి మెడ ఏదీ? డాక్టర్ మత్తిచ్చి, ఒంటి పక్కన చిన్న కోత పెట్టి, పరికరాన్ని లోపల అమర్చి కుట్లు వేయాల్సిందే. ఇంత చేశాక, ఆ అడవిలోనే పుట్టిన మొదటి పిల్ల కనిపించింది 2020లో. పదేళ్లు! ఆ లోపు మన దగ్గర రెండు ప్రభుత్వాలు, ఎందరో జిల్లా అటవీ అధికారులు (డీఎఫ్‌ఓలు) మారిపోతారు. ఫైలు ఎవరి బల్ల మీద ఉందో కూడా గుర్తుండదు.

వాళ్లు అంతకన్నా ముందు చూసుకున్నది అడవిని. ఇండిగో పాము చలికాలం తాబేళ్లు తవ్విన బొరియల్లో తలదాచుకుంటుంది. ఆ తాబేళ్లు బతకాలంటే అక్కడి పొడవాకు పైన్ చెట్ల అడవి ఒత్తుగా మూసుకుపోకుండా ఉండాలి. అందుకే పొదల్ని అదుపులో ఉంచడానికి పద్ధతి ప్రకారం నిప్పు పెడతారు కూడా. చీమలు పెట్టిన పుట్టలో పాములు చేరతాయని మనవాళ్లు ఊరికే అనలేదు. పాముల్లో చాలావాటికి సొంతంగా ఇల్లు తవ్వుకోవడం రాదు. మన కొండచిలువ ముళ్లపంది తవ్విన బొరియల్లో దూరుతుంది. నాగుపాముకీ జెర్రిపోతుకీ ఎలుక బొక్కలు, చెదపుట్టలు, చేను గట్టు మీద పేర్చిన రాళ్ల సందులు కావాలి. గట్లు జేసీబీతో చదును చేసి, పుట్టలు తవ్వేసి, ముళ్లపందిని మాంసం కోసం ఉచ్చు వేసి పట్టేసిన చోట, జూలో పుట్టిన కొండచిలువ పిల్ల మే నెల ఎండలో ఎక్కడ దూరాలి?

గుడ్లు పొదిగించడం పెద్ద సమస్య కాదు. తల్లి కొండచిలువ గుడ్ల చుట్టూ చుట్టుకుని, ఒళ్లు వణికిస్తూ వేడి పుట్టించి దాదాపు రెండు నెలలు పొదుగుతుంది. ఆ పని ఇంక్యుబేటర్ కూడా చేసిపెడుతుంది. మొసళ్ల విషయంలో ఇది చూశాం కదా. 1975లో మొదలైన మొసళ్ల సంరక్షణ పథకం ఫలించి మగ్గర్ మొసళ్లు ఎంతగా పెరిగాయంటే, చెన్నై దగ్గరున్న క్రోకడైల్ బ్యాంకులో వాటిని వదిలే చోటు దొరక్క సంతానోత్పత్తినే ఆపాల్సి వచ్చింది. కరీబియన్ సముద్రంలోని ఆంటిగ్వా దీవుల్లో దీనికి తిరగేసిన కథ. 1995 నాటికి యాభై దాకా మిగిలిన రేసర్ పాములు తర్వాత వెయ్యి దాటాయంటే, ముఖ్య కారణం ఓడల్లో వచ్చి చేరిన ఎలుకల్ని ఆ దీవుల్లో లేకుండా చేయడమే. అక్కడ ఎలుకలే పాము గుడ్లు తినేవి, పాముల్నీ కొరికేవి. వాటి పీడ వదిలాక, పాముల్ని పక్క దీవుల్లోనూ వదిలారు.

మన ప్రాంతంలో పెంచిన పాముల్ని వదలడం ఇంకా మాటల్లోనే ఉంది గానీ, బంధించి ఉంచిన పాముల్ని వదలడం మాత్రం జరుగుతూనే ఉంది. రెండు తలల పాము కేసులే చూడండి. కోట్లు పలుకుతుందని, ఇంట్లో ఉంటే గుప్తనిధి దొరుకుతుందని నమ్మించే ముఠాలు అప్పుడప్పుడు పట్టుబడుతుంటాయి. బియ్యపు గింజల్ని లాగే మహిమ ఉందంటూ రైస్ పుల్లింగ్ చెంబు అమ్మేవాళ్లకీ వీళ్లకీ పెద్ద తేడా లేదు. నిందితులు కోర్టుకి వెళ్తారు, పాము దగ్గర్లో ఉన్న అడవికి పోతుంది. ఆ పాముని ఒకసారి దగ్గర్నుంచి చూడాలి. మొద్దుగా ఉండే తోక చివర రెండో తలలా కనిపించాలని కాల్చిన మచ్చ, నోటిలా కోసిన గీత. పొలుసుల సందుల్లో పేలు. ఎన్ని చేతులు మారిందో, ఎన్నాళ్లు ఏ డబ్బాలో, ఏ పాముతో కలిసి ఉందో చెప్పేవాళ్లుండరు. బళ్లారి వైపు పట్టారో, ధర్మవరం చేలల్లో పట్టారో తెలియదు. వదులుగా ఉండే మట్టిలో, ఇసుకలో దూరి బతికే జీవిని తీసుకెళ్లి రాతి కొండ మీద వదిలేస్తే అది దయ ఎలా అవుతుంది?

జబ్బుల సంగతి మరీ టెన్షన్ పెట్టేది. బోవా, కొండచిలువ జాతుల పాముల్లో ఒక వైరస్ జబ్బు పైకి ఏమీ తెలియకుండా చాలాకాలం దాగి ఉండగలదు. చర్మం మీద పుండ్లు చేసే ఫంగస్ ఒకటి ఇప్పటికే అమెరికా అడవి పాముల్ని పీడిస్తోంది. అందుకే పట్టుబడ్డ పాముకైనా, జూ పాముకైనా విడిగా ఉంచే గది, కనీసం మూడు నెలల క్వారంటైన్, రక్తపరీక్ష లేకుండా మూత తీయకూడదంటాను. జూ కొండచిలువకి ఇంకో చిక్కుంది. దాని తల్లిదండ్రులు ఏ కొండ నుంచి వచ్చాయో చాలాసార్లు రికార్డే ఉండదు. బర్మా కొండచిలువతో సంకరమై ఉండొచ్చు కూడా, ఆ రెండూ బందిఖానాలో జతకడతాయి.

ఆరోగ్యంగా ఉన్నా, తెలియని చోట వదిలిన పాము తిరుగుతూనే ఉంటుంది. అమెరికాలో గిలక పాముల (రాటిల్‌స్నేక్) మీద చేసి 1999లో ప్రచురించిన అధ్యయనంలో, వేరే చోటి నుంచి తెచ్చి వదిలినవి సగానికి పైగా చనిపోయాయి. అక్కడే పుట్టి పెరిగిన వాటిలో తొమ్మిదింట ఒకటే పోయింది. దారి తెలియని పాము రోడ్డెక్కుతుంది, ఊళ్లోకి వస్తుంది. ఊళ్లోకి వస్తే కర్ర లేస్తుంది.

కర్ర లేపినవాణ్ని తప్పుపట్టడం నాకు చేతకాదు. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో ఏటా సగటున 58 వేల మంది చనిపోయారని అంచనా. ఎక్కువ మరణాలున్న ఎనిమిది రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. చెనక్కాయ పీకే కూలీ చెయ్యి ఎక్కడ పడుతుందో, చిన్న పింజర అక్కడే ఉంటుంది. పీహెచ్‌సీలో యాంటీవీనమ్ ఉందా, రాత్రి డాక్టర్ ఉంటాడా అన్నవి తేలకుండా విషపాముల్ని పెంచి వదులుదామంటే నేను ఒప్పుకోను. అసలు రక్తపింజరకీ చిన్న పింజరకీ మన చేలల్లో ఆ అవసరమే లేదు.

ఏదో ఒక పాముకి అవసరముంటే అది కొండచిలువకే ఉండొచ్చు. దానికైనా ముందు ఎక్కడ ఎన్ని మిగిలాయో లెక్క కావాలి. శ్రీలంకలో తప్ప లేదనుకున్న ఒక ఎగిరే పాము శేషాచలంలో ఉందని పరిశోధకులు ప్రచురించింది 2015లో. మన కొండల్లో ఏముందో మనకు తెలిసింది అంతంతమాత్రమే. రోళ్లపాడు చూడండి, బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం చేస్తే అక్కడ ఆ పిట్టే కనుమరుగైంది. చుట్టూ గడ్డి నేల పొలాలైపోతే, మధ్యలో మిగిలిన ఆరు చదరపు కిలోమీటర్లు దాన్ని నిలబెట్టలేకపోయాయి.

కేరళ అటవీ శాఖ 2020 నుంచి పాములు పట్టేవాళ్లకి శిక్షణ ఇచ్చి, సర్టిఫికెట్ ఉన్నవాళ్లనే అనుమతిస్తోంది. మనకీ అది కావాలి. ఏ పాము, ఎక్కడ పట్టారు, ఎక్కడ వదిలారు అన్న మూడు వివరాలతో ఒక రిజిస్టర్ కావాలి. నల్లమలలో పులుల గస్తీకి వెళ్లే చెంచులకి జాడ చూడటం ఒకరు నేర్పాల్సిన పని లేదు, పాముల లెక్కకీ వాళ్లని జీతమిచ్చి పెట్టుకోవచ్చు. అడవి అంచు చేలల్లో కొండచిలువ గుడ్లు కనబడితే ఎత్తుకొచ్చి ఇంక్యుబేటర్లో పెట్టే బదులు, తల్లి ఉంటే అక్కడే వదిలేయడం మేలు. ఆ రెండు నెలలు ఆ మూల దున్నకుండా ఆగిన రైతుకి నష్టపరిహారం కట్టివ్వాలి. ఒక్కో పిల్లని రెండేళ్లు జూలో మేపే ఖర్చు ముందు ఆ డబ్బు చిల్లరే. కొండచిలువ గుడ్లు పెట్టేది ఎండాకాలంలో కాబట్టి, నల్లమలలోని ఆత్మకూరు అటవీ డివిజన్‌లో ఈ పరిహారం ఉత్తర్వు ఆ లోపే రావాలి.