సీపాప్ తొట్టిలో నీలగిరి తైలం పోయమన్నదెవరు?

"సీపాప్ వాడేవారికి బంగారు చిట్కాలు" అనే మెసేజ్ అనంతపురం, తాడిపత్రి, గుంతకల్లు గ్రూపుల్లో మళ్లీ తిరుగుతోంది. సీపాప్ అంటే నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు ఉన్నవాళ్లకు మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే మెషీన్. ఆ గాలికి తేమ కోసం డిస్టిల్డ్ వాటర్ పోసేదే దాని తొట్టి. రాసినాయన ఎవరో గానీ, మెషీన్‌తో వచ్చే పుస్తకం తెరిచినట్టు లేదు.

మెషీన్‌ను తలకన్నా ఎత్తున అల్మారాలో పెట్టాలట. పెడితే ట్యూబులో చేరిన చెమ్మ నీళ్లయి ముక్కులోకి దిగుతుంది. మెషీన్ మనం పడుకునే పక్క కంటే కిందే ఉండాలి. తొట్టిని ఎర్రటెండలో ఆరబెట్టాలట. మన మే నెల ఎండకు ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది, నీడ చాలు.

"బోరు నీళ్లు కాచి చల్లారిస్తే డిస్టిల్డ్ వాటరే" అట. కాస్తే క్రిములు చస్తాయి, ఉప్పులు ఎక్కడికి పోతాయి? అయితే, డిస్టిల్డ్ దొరక్కపోతే ఒక రాత్రికి క్యాను నీళ్లు పోసుకోవచ్చన్న మాట మాత్రం తప్పు కాదు. ఈ తొట్టి నీళ్లు తుంపరగా లేవవు, ఆవిరిగా పోతాయి. ఉప్పులు అడుగునే మిగులుతాయి కాబట్టి ఊపిరితిత్తుల్లో సున్నం పేరుకుంటుందన్న భయం అక్కర్లేదు. పాడయ్యేది తొట్టే. తెల్లపొర కడితే పది పాళ్ల నీళ్లకు ఒక పాలు తెల్ల వెనిగర్ కలిపి, పది నిమిషాలు నానబెట్టి, బాగా కడగాలి.

మిగిలిన నీళ్ల మీదే కొత్తవి పోయడం మాత్రం వద్దు. నిల్వ నీళ్లలో వేలికి జారే జిగురు పడుతుంది. పొద్దున్నే పారబోసి, గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల గిన్నెల లిక్విడ్‌తో కడిగి ఆరబెట్టండి.

ఇక అసలు ఘనకార్యం: "జలుబు చేస్తే తొట్టిలో నాలుగు చుక్కల నీలగిరి తైలం, చిటికెడు కర్పూరం." ఉప్పు, పసుపు వేసి పోపు కూడా పెట్టమనాల్సింది సామీ! ఆవిరి పట్టుకోవడం పది నిమిషాల పని, ఘాటెక్కితే తల పక్కకు తిప్పుకుంటాం. ఇక్కడ మాస్కు బిగించుకుని, ఒత్తిడితో వచ్చే గాలిని ఏడెనిమిది గంటలు పీలుస్తాం, అదీ నిద్రలో. ఆ ఘాటు శ్వాసనాళాలను రేపుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకు అర్ధరాత్రి ఆయాసం రావచ్చు. నూనె ఊపిరితిత్తుల్లోకి చేరితే వచ్చే జబ్బుకు లైపాయిడ్ న్యుమోనియా అని పేరే ఉంది. పైగా ఈ నూనెలకు తొట్టి ప్లాస్టిక్ సన్నగా చిట్లుతుంది, సీలు దెబ్బతిని నీళ్లు మెషీన్‌లోకి కారొచ్చు. ఇప్పటికే పోసినవాళ్లు తొట్టిని, ట్యూబును కడిగి చూడండి. వాసన పోకుంటే రెండూ మార్చాల్సిందే. ముక్కు దిబ్బడకు సెలైన్ స్ప్రే కొట్టుకోండి, తేమ సెట్టింగ్ ఒక మెట్టు పెంచండి. తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోండి.

డెట్టాల్‌తో కడగమన్నదీ ఇదే బాపతు. అందులో పైన్ నూనె, స్పిరిట్ ఉంటాయి. బ్లీచింగ్ పౌడరూ వద్దు.

వేలు పోసి, సీపాప్‌ను ఓజోన్ వాయువుతో శుభ్రం చేసే మెషీన్ కొనొద్దన్నారు, అది నిజం. అలాంటి వాటికి అప్పటికి తమ అనుమతి లేదని అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ 2020 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది.

ఫిల్టరు కడిగి వాడమన్నది సగమే నిజం. స్పాంజి రకమైతే కడిగి, పూర్తిగా ఆరాక పెట్టుకోవచ్చు. పలచటి తెల్ల రకాన్ని కడిగితే పనికిరాదు. ఆషాఢం గాలికి మన ఎర్రదుమ్ము పట్టి రంగు మారితే, ఆరు నెలలు నిండేదాకా ఆగకుండా మార్చేయండి.