గుత్తాధిపత్యం వదిలిస్తారు సరే, గాజు ఎవరు చేస్తారు?

ఫోన్ల ముందుండే గాజు వ్యవహారంలో యూరప్‌లో పోటీ నియమాల సంగతి చూసే యూరోపియన్ కమిషన్ 2024 నవంబరులో అమెరికా గాజు కంపెనీ కార్నింగ్ మీద విచారణ మొదలుపెట్టింది. ఫోన్ కంపెనీలు తన దగ్గరే కొనేలా కట్టిపడేసే ఒప్పందాలు రాయించుకుంటోందేమో అన్నది అనుమానం. 2025 జూలై వచ్చేసరికి ఆ షరతులు ఎత్తేస్తామని కంపెనీ మాటిచ్చింది, కమిషన్ దాన్ని తొమ్మిదేళ్ళ పాటు కట్టుబడి ఉండాల్సిన హామీగా మార్చింది. తప్పు జరిగిందని మాత్రం తేల్చలేదు, అదీ చెప్పుకోవాలి. మొత్తానికి మంచి పనే జరిగింది, కాదనం.

మా డౌటు వేరే. కాగితం మీద పోటీకి దారి ఇచ్చారు, కానీ ఆ దారిన వచ్చేవాళ్ళేరీ? ఫోన్లకీ టీవీలకీ కావాల్సిన పల్చటి గాజుని క్వాలిటీగా చెయ్యగలిగిన కంపెనీల్ని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు: కార్నింగ్, జర్మనీలో షాట్, జపాన్‌లో ఏజీసీ, నిప్పన్ ఎలక్ట్రిక్ గ్లాస్, వాటితోపాటు చైనాలో కొన్ని. ఇంత తక్కువమంది ఉండటానికి కారణం ఒప్పందాలే అనుకుంటే పొరపాటు, అసలు కారణం ఫర్నేస్ దగ్గరుంది.

గాజుని పలకగా చెయ్యడంలో గొడవంతా ఉపరితలం గురించే. ఒకప్పుడు కరిగిన గాజుని పైకి లాగి కిటికీ అద్దాలు చేసేవాళ్ళు, వాటిలోంచి చూస్తే అవతలివన్నీ వంకరగా కనపడేవి. అది వద్దనుకుంటే మందంగా పోతపోసి రెండువైపులా అరగదీసి పాలిష్ పెట్టాలి, దానికయ్యే ఖర్చు మామూలుగా ఉండేది కాదు. ఇంగ్లండ్‌లో పిల్కింగ్టన్ గాజు కంపెనీలో పనిచేసే అలస్టేర్ పిల్కింగ్టన్ కరిగిన తగరం మీద గాజుని తేలిస్తే సరిపోతుంది కదా అని 1952లో మొదలుపెట్టాడు. ఆలోచన అంత సింపుల్, కానీ ప్రపంచానికి చెప్పుకోదగ్గ గాజు వచ్చేసరికి 1959 అయింది, ఆ మధ్యలో కంపెనీ అమ్మడానికి పనికిరాని గాజు నెలల తరబడి చేసి పగలగొట్టుకుంటూ పోయింది. ఈ రోజుల్లో ఇన్నాళ్ళు పనికిరాని సరుకు తీస్తామంటే ఏ బోర్డు ఒప్పుకుంటుందో మాకైతే తెలీదు.

తగరం మీద తేల్చే ఈ ఫ్లోట్ పద్ధతికీ ఇబ్బందులున్నాయి. తగరం మీద గాజు తనంతట తాను సర్దుకుంటే దాదాపు ఆరేడు మిల్లీమీటర్ల మందం దగ్గర ఆగిపోతుంది, అంతకన్నా పల్చన కావాలంటే అంచుల్ని పళ్ళున్న రోలర్లతో పట్టి లాగాలి. గాలిలో ఆక్సిజన్ తగిలితే తగరం పాడైపోతుంది కాబట్టి నైట్రోజన్, హైడ్రోజన్ కలిపి నింపుతారు. అంతచేసినా కిందివైపు గాజులోకి కాస్త తగరం ఎక్కుతుంది. గాజు పని చేసేవాళ్ళు యూవీ లైటు కింద పెట్టి చూస్తారు, తగరం వైపు పాలరంగులో మసగ్గా మెరుస్తుంది. కిటికీకైతే పర్లేదు, టీవీ, ఫోన్ తెరల్లో పైన బుల్లి స్విచ్‌ల్లాంటి ట్రాన్సిస్టర్లు పరవాల్సిన గాజుకి మాత్రం ఇది తలనొప్పే.

రెండువైపులా ఏదీ తాకకుండా గాజు ఎలా తియ్యాలన్న ప్రశ్నకి కార్నింగ్ వాళ్ళు 1960ల్లో కనిపెట్టిన జవాబు మాకు ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది. కొలిమి ఇటుకలాంటి పదార్థంతో పొడవాటి తొట్టి చేసి, దాని అడుగుని V ఆకారంలో కిందికి కోసుగా దింపుతారు. కరిగిన గాజు తొట్టి నిండి రెండు పక్కలా సమంగా పొర్లి, గోడల వెంట జారి, అడుగున కోసు దగ్గర రెండు పొరలూ కలిసి ఒకటే పలకై గాల్లో కిందికి దిగుతుంది. తొట్టిని తాకిన ముఖాలు పలక లోపలికి వెళ్ళిపోయి ఒకదానికొకటి అతుక్కుంటాయి, బయటి ముఖాలకి గాలి తప్ప ఇంకేం తగల్లేదు, పాలిష్ అవసరమే లేదు. అంచుల్లో రోలర్లు పట్టుకున్న మందపాటి భాగం కోసి పారేస్తారు.

వింటే ఇంతేనా అనిపిస్తుంది కదా. వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో ఏళ్ళ తరబడి ఉండే ఆ తొట్టి తన బరువుకి తనే మెల్లగా మధ్యలో కుంగుతుంది, కుంగితే గాజు అక్కడ ఎక్కువ పొర్లుతుంది, పలక మందం తేడా వచ్చేస్తుంది. మామూలు కిటికీ గాజు ఇందులో పోస్తే జారేలోపే స్ఫటికాలు కట్టి పాడవుతుంది, అంటే యంత్రాన్నిబట్టి గాజు రెసిపీ కూడా మార్చాలి. ఎల్‌సీడీ గాజులో సోడియం ఉండకూడదు, ట్రాన్సిస్టర్లలోకి చేరి వాటిని చెడగొడుతుంది, సోడియం లేకపోతే గాజు కరగడం కష్టం, బుడగలు పైకి తేలి పోవడం ఇంకా కష్టం. బుడగలు పోవడానికి ఒకప్పుడు ఆర్సెనిక్ వాడేవాళ్ళు, అది విషం కాబట్టి మానేసి తగరం ఆక్సైడ్‌కి మారాల్సొచ్చింది. పోనీ ట్రయల్ వేసి చూద్దామంటే ఫర్నేస్ ఆపడానికి లేదు, ఏళ్ళకేళ్ళు రాత్రీపగలూ మండుతూనే ఉంటుంది, అందులో పాత గాజు పోయి కొత్తది రావడానికే రోజులు పడుతుంది. ఈ రోజు మార్చిన రెసిపీ బాగుందో లేదో రేపు తెలిసే పని కాదిది.

అంత కష్టపడి కనిపెట్టిన ఆ పద్ధతికి అప్పట్లో గిరాకీ లేదు! కారు అద్దాలకి పనికొస్తుందనుకున్నారు, రాలేదు. 1980ల్లో ఎల్‌సీడీలు వచ్చాక గానీ దానికి రోజులు రాలేదు. కరిగిన పొటాషియం నైట్రేట్‌లో ముంచి గాజుని గట్టిపరిచే కిటుకు కూడా 1960ల నాటిదే, గాజులోని చిన్న సోడియం అయాన్లు (విద్యుదావేశమున్న అణువులు) బయటికొచ్చి పెద్ద పొటాషియం అయాన్లు ఆ చోట్లో ఇరుక్కుంటాయి, పైపొర బిగుసుకుంటుంది. అదీ అటకెక్కి కూర్చుంది, 2007లో ఐఫోన్ వచ్చాక దించారు. గాజు నిజానికి బలహీనమైంది కాదు, దాని పైనుండే కంటికి కనపడని గీతలే దాన్ని పగలగొడతాయని 1920లోనే గ్రిఫిత్ అనే ఇంగ్లండ్ ఇంజనీరు చెప్పాడు. మడతపెట్టే ఫోన్లలో ఇప్పుడు 30 మైక్రాన్ల గాజు వాడుతున్నారు, తల వెంట్రుక కన్నా సన్నం, వంగినా విరగదు. ఏటా కొత్త ఫోన్ యాడ్‌లో మాత్రం గాజు ఇంకా రెండింతలు గట్టిదని చెప్తారు, కింద పడితే పగిలేది పగులుతూనే ఉంటుంది, అది వేరే సంగతి.

ప్రభుత్వాలు ఎలక్ట్రానిక్స్‌కి రాయితీలిచ్చేటప్పుడు చూసేదంతా ఫోన్లు బిగించే లైన్లు, చిప్ ప్లాంట్లు. లైను ఏడాదిలో నడుస్తుంది, రిబ్బన్ కత్తిరించి ఫోటో దిగొచ్చు. గాజు ఫర్నేస్‌కి డబ్బిస్తే మొదటి కొన్నేళ్ళు చూపించుకోడానికి పగిలిన గాజు కుప్పలే ఉంటాయి. యంత్రాలు కొనుక్కోవచ్చు, పేటెంట్ల గడువు తీరాక చదువుకోవచ్చు, కానీ తొట్టి ఎంత కుంగితే ఎంత వాల్చి సర్దాలన్నది దాని పక్కన ఏళ్ళ తరబడి నిలబడ్డవాళ్ళకే తెలుస్తుంది. అందుకే మా మాట ఒకటే, నిజంగా పోటీ కావాలనుకునే ప్రభుత్వాలు ఈ రాయితీల్లో కొంత భాగం పదేళ్ళ లెక్కన, మొదటి ఐదేళ్ళు అమ్మకాల ఊసెత్తకుండా, గాజు కరిగించే పనికీ ఆ పని నేర్పే వర్సిటీ ల్యాబులకీ పక్కన పెట్టాలి.

యూరప్‌లో హామీ గడువు తొమ్మిదేళ్ళే, పిల్కింగ్టన్‌కి ఒక్క తగరం తొట్టి దారికి రావడానికే ఏడేళ్ళు పట్టింది. కొత్త కంపెనీ ఏదైనా ఈ గడువులోపు మార్కెట్లోకి రావాలంటే ఫర్నేస్ ఇప్పుడే వెలిగించాలి, ఇప్పటివరకూ అలాంటి ప్రకటన మా కంటపడలేదు.